ఎవరి పెళ్లి తేదీ ఎవరి చేతి మీద?

వైజాగ్‌లో ద్వారకానగర్‌లోనో సిరిపురంలోనో ఎంవీపీ కాలనీలోనో ఏ టాటూ స్టూడియోకి వెళ్లినా ముందు జరిగేది ఒకటే, వచ్చినవాళ్లు ఫోన్ తీసి ఒక స్క్రీన్‌షాట్ చూపిస్తారు. అందులో చాలాసార్లు ఎవరో ఒక సెలబ్రిటీ చెయ్యో, మెడో, భుజమో ఉంటుంది. "ఇదే కావాలి, కాస్త చిన్నగా" అంటారు. దాని అర్థమేంటో తెలుసా అని అడిగితే కొందరు నెట్‌లో చదివింది అప్పజెబుతారు, కొందరు "బాగుంది కదా" అని ఊరుకుంటారు. నిజానికి రెండోవాళ్లే కాస్త నయం. సెలబ్రిటీ టాటూల అర్థాల గురించి మనకు తెలిసిందల్లా వాళ్లు ఇంటర్వ్యూల్లో చెప్పిందే, అది కూడా వేయించుకున్న చాలాకాలానికి, ఎవరో గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

నాగచైతన్య ముంజేతి టాటూ సంగతే చూడండి. పైకి చుక్కలూ గీతలూ, అంతే. స్టైల్‌గా ఉందని కొందరు అభిమానులు అచ్చు గుద్దినట్టు అదే వేయించుకున్నారు. 2022లో తన హిందీ సినిమా ప్రచారంలో ఉన్నప్పుడు అతనే అసలు విషయం చెప్పాడు, అది టెలిగ్రాంల కాలం నాటి సంకేత లిపి, మోర్స్ కోడ్ అని, అందులో ఉన్నది తన పెళ్లి తేదీ అని, దాన్ని మాత్రం ఎవరూ కాపీ కొట్టొద్దని. ఆ తేదీ 2017 అక్టోబరు 6, గోవాలో సమంతతో పెళ్లి జరిగిన రోజు. విడిపోతున్నట్టు ఇద్దరూ ప్రకటించింది 2021 అక్టోబరు 2న. అంటే అభిమానులకి అర్థం తెలిసేసరికే ఆ పెళ్లి లేదు, వాళ్ల చేతుల మీద మిగిలింది తమకు ఏ సంబంధమూ లేని ఒక పెళ్లి తాలూకా తేదీ. పక్కింటివాళ్ల శుభలేఖ తెచ్చి మన గుమ్మానికి అంటించుకున్నట్టు ఉంటుంది వ్యవహారం.

మోర్స్‌లో అంకెలు చదవడం పెద్ద కష్టమేమీ కాదు. ప్రతి అంకెకీ ఐదు గుర్తులు. ఒకటికి ఒక చుక్క, నాలుగు గీతలు. రెండుకి రెండు చుక్కలు, మూడు గీతలు. అలా పెరుగుతూ ఐదుకి వచ్చేసరికి ఐదూ చుక్కలే. ఆరు నుంచి తిరగబడుతుంది, ముందు గీత, తర్వాత నాలుగు చుక్కలు. ఏడుకి రెండు గీతలు, మూడు చుక్కలు. సున్నాకి ఐదూ గీతలే. 6, 10, 17 అని రాయాలంటే ఐదు అంకెలు, పాతిక గుర్తులు. జనానికి టెలిగ్రాం 2013 జులైతో ఆగిపోయింది గానీ, ఇది తూర్పు నౌకాదళానికి కేంద్రమైన ఊరు, ఓడ మీంచి ఓడకి లైటు వెలిగిస్తూ ఆర్పుతూ మోర్స్‌లో మాట్లాడటం నేర్చుకున్నవాళ్లు రిటైరయ్యాక ఇక్కడే ఇళ్లు కట్టుకుని స్థిరపడిపోతుంటారు. అలాంటి పెద్దాయన ఎవరైనా పొద్దున్నే ఆర్కే బీచ్‌లో వాకింగ్ చేస్తూ ఒక కుర్రాడి చెయ్యి చూస్తే, "ఏం బాబూ, అక్టోబరు ఆరుని ఏటి విశేషం?" అని అడిగే ప్రమాదం ఉంది. అన్నట్టు ఈ కథలో వైజాగ్‌కి ఇంకో వాటా కూడా ఉంది. 2024 డిసెంబరులో చైతన్య పెళ్లి చేసుకున్న శోభిత ధూళిపాళ ఈ ఊళ్లో పెరిగిన అమ్మాయే, ఆ లెక్కన ఇప్పుడాయన మన ఊరి అల్లుడు.

ఇక్కడ గమనించాల్సింది కోడ్‌నే. చైతన్య పేరు రాయించుకోలేదు, తేదీని మామూలు అంకెల్లో కూడా వేయించుకోలేదు, తెలిసినవాళ్లు తప్ప చదవలేని రాతలో వేయించుకున్నాడు. పేరున్నవాళ్ల టాటూల్లో చాలావాటికి ఇదే లక్షణం. ప్రేమా పెళ్లీ విడాకులూ అన్నీ జనం చూస్తుండగానే గడిచిపోయే బతుకులో ఒక్క విషయమైనా తమకే తెలిసేలా దాచుకోవాలనుంటుంది, కానీ దాచుకునే చోటు మాత్రం కెమెరాకి రోజూ కనపడే చెయ్యే. ఏంజెలినా జోలీ ఎడమ చేతి మీద వరసగా కొన్ని అక్షాంశాలు, రేఖాంశాలు ఉంటాయి, చూసేవాళ్లకి అవి అంకెలు, ఆమెకి పిల్లలు పుట్టిన ఊళ్లు. అదే చోట అంతకుముందు ఒక డ్రాగన్, దాంతోపాటు అప్పటి భర్త బిల్లీ బాబ్ పేరు ఉండేవి. విడిపోయాక లేజర్‌తో తీయించుకుని ఆ జాగా పిల్లలకి ఇచ్చింది.

ప్రేమికుల పేర్ల విషయంలో మాత్రం సెలబ్రిటీలకీ మామూలు జనానికీ తేడా ఏమీ లేదు, అందరూ ఒకే గోతిలో పడతారు. జానీ డెప్ ప్రియురాలి పేరుతో 'వినోనా ఫరెవర్' అని రాయించుకుని, ఆవిడతో చెడ్డాక ఆ పేరులో చివరి రెండు ఇంగ్లిష్ అక్షరాలు చెరిపించి 'వైనో ఫరెవర్' చేసుకున్నాడు, అంటే శాశ్వతంగా తాగుబోతు. నయనతార మణికట్టు మీద ప్రభుదేవాని తలుచుకుని రాయించుకున్న 'ప్రభు' అన్న పేరు కొన్నేళ్లకి 'పాజిటివిటీ' అయింది, ఇంగ్లిష్‌లో రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కాబట్టి సరిపోయింది. దీపికా పదుకొణె మెడ వెనక 'ఆర్‌కే' అక్షరాలు ఉండేవి, అవి రణ్‌బీర్ కపూర్‌వని దేశమంతా తెలుసు, తర్వాత్తర్వాత కనిపించడం మానేశాయి. 2023 ఆస్కార్ వేడుకలో అదే మెడ మీద '82 ఈస్ట్' అని కనపడింది, అది ఆమె సొంత బ్రాండ్ పేరు. మన గడియారాలన్నీ ఏ రేఖాంశాన్ని బట్టి నడుస్తాయో ఆ అంకె మీదుగా పెట్టిన పేరు, ఆ రేఖ పోయేది మన పక్కనున్న కాకినాడకి దగ్గర నుంచే. ప్రియుడి పేరున్న చోటికి వ్యాపారం వచ్చి కూర్చోవడాన్ని ఎవరెలా అర్థం చేసుకున్నా తప్పుపట్టడానికేమీ లేదు, మెడ ఆవిడది.

సమంత పరిస్థితి వీళ్లందరికంటే చిక్కుగా ఉంటుంది. వీపు పైభాగంలో 'వైఎంసీ' అన్న మూడక్షరాలు వేయించుకుంది, అవి 2010లో ఆమెని తెలుగువాళ్లకి పరిచయం చేసిన 'ఏ మాయ చేశావె' తాలూకువి. మణికట్టు దగ్గర పైకి చూసే రెండు బాణాలు, అవే చైతన్య చేతికీ ఉన్నాయి. పక్కటెముకల దగ్గర అతని పేరు. ఈ మూడింటిలో మొదటిది ప్రేమ గుర్తా, కెరీర్ గుర్తా? రెండూ. ఆ సినిమా ఆమె బతుకుతెరువు కూడా, అతన్ని కలిసిన చోటు కూడా. ఇలాంటివాటికి "దీని అర్థం ఇదీ" అని ఒక్క వాక్యం రాసి పడేసే లిస్టులు నెట్ నిండా ఉంటాయి, చదవడానికి హాయిగానే ఉంటాయి, కానీ మనిషి మారినా చర్మం మీది రాత మారదు కాబట్టి అదే రాతకి ఆ మనిషే రెండో అర్థం, మూడో అర్థం వెతుక్కోవాల్సి వస్తుంది. 2022లో ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో టాటూ ఐడియాలు చెప్పమంటే సమంత చెప్పిన సలహా, అసలు ఎప్పుడూ వేయించుకోవద్దని.

అలాగని అన్నీ అచ్చిరానివేమీ కాదు. విరాట్ కోహ్లీ ఒంటి మీద 175, 269 అని రెండు అంకెలున్నాయి. భారత్ తరఫున వన్డేలు ఆడినవాళ్లలో అతను 175వ వాడు, టెస్టుల్లో 269వ వాడు. ఆ నంబర్లు ఇంకెవరికీ రావు, ఫామ్ పోయినా పోవు, 2025 మేలో టెస్టులకి గుడ్‌బై చెప్పినా 269 అతనిదే. 2018 అక్టోబరు 24న మన మధురవాడ స్టేడియంలో వెస్టిండీస్ మీద 157 నాటౌట్ కొట్టి వన్డేల్లో పదివేలు దాటాడు, మ్యాచ్ టై అయింది, ఆ రోజు గ్యాలరీల్లో ఉన్నవాళ్లు ఇప్పటికీ దాని గురించి చెప్పుకుంటారు. ఆ పదివేలకీ లెక్క మొదలైంది ఆ 175 దగ్గరే. అలాగే తల్లి సరోజ్, తండ్రి ప్రేమ్ పేర్లు హిందీలో ఉన్నాయి. తండ్రి పోయింది 2006 డిసెంబరులో, ఢిల్లీ తరఫున రంజీ మ్యాచ్ మధ్యలో, ఆ పొద్దున్నే వెళ్లి బ్యాటింగ్ చేసి 90 కొట్టొచ్చిన కుర్రాడు అతను. ఆ పేరుకి వేరే వివరణ అక్కర్లేదు.

వైజాగ్ కుర్రాళ్లు కోహ్లీ నుంచి తీసుకునేది మాత్రం ఈ పేర్లూ అంకెలూ కాదు, కైలాసం ముందు ధ్యానంలో ఉన్న శివుణ్ణి. అది మంచి ఎంపికే అనాలి, ఎందుకంటే శివుడు కోహ్లీ సొత్తు కాదు. ఒక టాటూలో ఏ భాగం అందరిదీ, ఏ భాగం ఆ ఒక్కరిదీ అని తేల్చుకోగలిగితే కాపీ కొట్టినా ఇబ్బందేం లేదు. ప్రియాంక చోప్రా మణికట్టు మీద 'డాడీస్ లిల్ గర్ల్' అని ఉంటుంది, ఆ మాటలు ఎవరైనా రాయించుకోవచ్చు, ఆమె చేతి మీదున్నది తండ్రి చేతిరాతే కావడం దాని విలువ, ఆయన 2013లో పోయారు. ఈ పద్ధతి ఇక్కడ కూడా పాకింది. పోయిన నాన్న సంతకం పాత బ్యాంకు పాస్‌బుక్కులోంచో ప్రోగ్రెస్ కార్డులోంచో ఫొటో తీసి తెస్తారు, ఆర్టిస్టు దాన్ని పెద్దది చేసి, గీత ఎక్కడ వణికిందో, కలం ఎక్కడ ఆగి మళ్లీ కదిలిందో అక్కడక్కడే ఉండేలా స్టెన్సిల్ తీస్తాడు. ఆ వణుకుని సరిచేసి నున్నగా గీసేస్తే పోయిన మనిషి పోయినట్టే. కాపీ కొట్టదగ్గదేదైనా ఉంటే ఇదీ, బొమ్మని కాదు, పద్ధతిని.

రష్మిక కథ ఇంకో రకం. కుడి చేతి మీద 'ఇర్రీప్లేసబుల్' అని ఉంటుంది, తన స్థానంలోకి ఇంకెవరూ రాలేరని. అయితే ఆమే చెప్పినదాని ప్రకారం మొదలు వేరే. కాలేజీలో ఒక అబ్బాయి, ఆడపిల్లలకి సూదులంటే భయం, నొప్పి ఓర్చుకోలేరు అన్నాడట, దాంతో టాటూ వేయించుకోవాలని తేల్చుకుంది, ఏం రాయించుకోవాలన్నది ఆ తర్వాత ఆలోచించింది. ఎంత హాయిగా ఉందో చూడండి. ముందు పంతం, తర్వాత అర్థం. చాలామంది విషయంలో జరిగేది ఇదే, ఒప్పుకునేవాళ్లే తక్కువ.

అసలు ప్రతి టాటూకీ ఒక సొంత అర్థం ఉండితీరాలన్న పట్టింపు ఈమధ్యది. మన ఊళ్లలో పచ్చబొట్టు పొడవడం కొత్తదేమీ కాదు. ఎరుకల ఆడవాళ్లు ఊరూరా తిరుగుతూ దీపం మసినీ ఆకు పసరునీ కలిపి, కట్ట కట్టిన సూదులతో పొడిచేవాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ముసలమ్మల ముంజేతుల మీద చుక్కలు, తేలు బొమ్మ, నోటితో పలకడానికి సిగ్గుపడిన మొగుడి పేరు ఇప్పటికీ కనిపిస్తాయి. పాడేరు, అరకు వైపు వెళ్తే వయసు మళ్లిన గిరిజన స్త్రీలకి ముఖం మీద కూడా ఉంటాయి. ఎందుకు వేయించుకున్నావని వాళ్లని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, అందరికీ వేశారు, నాకూ వేశారు. అక్కడ అర్థం మనిషిది కాదు, ఊరిది, కులానిది, తెగది. సినిమావాళ్ల టాటూ దీనికి సరిగ్గా ఎదురు, ఇంకెవరికీ లేనిది కావాలి. అభిమాని చేసే పని విచిత్రంగా ఈ రెండింటికీ మధ్యలో పడుతుంది, ఇంకెవరికీ ఉండకూడదని ఒకరు వేయించుకున్నదాన్ని నలుగురితో పాటు తనూ వేయించుకుంటాడు. దానికంటే జగదాంబ దగ్గర రిలీజ్ రోజున చొక్కా విప్పి గుండె మీద హీరో పేరు చూపించే కుర్రాడిది తేటగా ఉన్న వ్యవహారం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు గానీ అతని టాటూకి అర్థం అతనిదే, ఎవరి ఇంటర్వ్యూ కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

రాతల సంగతి వచ్చింది కాబట్టి ఫుట్‌బాల్ ఆటగాడు బెక్‌హామ్‌ని తలుచుకోవాలి. భార్య విక్టోరియా పేరు నాగరి లిపిలో చేతి మీద రాయించుకుంటే మధ్యలో ఒక 'హ' ఎక్కువైందని ప్రపంచమంతా ఎగతాళి చేసింది. మరాఠీవాళ్లు 'వి' శబ్దాన్ని అలాగే రాస్తారని ఎగతాళి చేసినవాళ్లలో ఎందరికి తెలుసో మరి. తెలుగులో ఇంకో రకం తంటా ఉంది. మన అక్షరాలన్నీ గుండ్రాలు, లోపల చిన్న చిన్న ఖాళీలు, కింద ఒత్తులు. మణికట్టు మీద అంగుళం జాగాలో 'అమ్మ' అని నాజూగ్గా వేయించుకుంటే వేసినరోజు ముచ్చటగానే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకు ఒదిగి గీతలు లావెక్కుతాయి, సున్నాలు పూడుకుపోతాయి, మ-ఒత్తు కాస్తా ఒక మచ్చవుతుంది. అక్షరం పెద్దది పెట్టించుకోవడం ఒక్కటే మార్గం. చదరపు అంగుళానికి ఇంత అని లెక్కగట్టే చోట్ల ఈ మాట ఆర్టిస్టు చెబితే డబ్బు కోసం చెబుతున్నాడనుకుంటారు, కానీ అతను చెప్పేది నిజమే.

గీతలు లావెక్కడానికి కారణం ఒంట్లోనే ఉంది. సూది ఇంకుని పై పొరలో కాదు, దాని కింద మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల లోతులో పెడుతుంది. ఒళ్లు దాన్ని బయటి సరుకుగా గుర్తించి రక్షణ కణాలని పంపుతుంది, అవి ఇంకు రేణువుల్ని మింగుతాయి గానీ అరిగించుకోలేవు, అలా కడుపులో పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. అవి చచ్చిపోతే రేణువులు బయటపడతాయి, పక్కనుంచి వచ్చిన కొత్త కణాలు మళ్లీ మింగుతాయి. ఫ్రాన్స్ పరిశోధకులు 2018లో ఎలుకల మీద ఇది చూపించారు. లేజర్ చేసే పని ఆ రేణువుల్ని ఒళ్లు మోసుకుపోగలిగినంత చిన్నవిగా పగలగొట్టడం. నలుపు సులువుగా పోతుంది, ఆకుపచ్చా పసుపూ మొండికేస్తాయి, సిటింగ్‌కీ సిటింగ్‌కీ మధ్య వారాలు ఆగాలి, మనలాంటి చామనఛాయ ఒంటికి ఆ చోట తెల్లమచ్చో నల్లమచ్చో మిగిలే రిస్కు ఎక్కువ. షూటింగ్ ఉంటే మేకప్‌తో కప్పే మనిషి, ఏడాది పొడుగునా లేజర్‌కి పెట్టే డబ్బు, ఇవేవీ స్క్రీన్‌షాట్‌లో కనపడవు.

ఇక సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇంకో మాట. కొత్త టాటూ అంటే పచ్చి గాయం, రెండు మూడు వారాలు రుషికొండ అలల్లో దిగే ఆలోచన పెట్టుకోకూడదు. అమెరికాలో టాటూ వేయించుకున్న ఐదు రోజులకే సముద్రంలో ఈతకొట్టిన ఒకతను బ్యాక్టీరియా సోకి చనిపోయిన కేసు 2017లో వైద్య పత్రికలో వచ్చింది, అతనికి ముందే లివర్ జబ్బుంది. రక్తదానం సంగతి చాలామందికి తట్టదు. టాటూ వేయించుకున్నాక మన దేశంలో ఏడాదిపాటు రక్తం తీసుకోరు, సూదుల ద్వారా హెపటైటిస్, హెచ్ఐవీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి. క్రిస్టియానో రొనాల్డో ఒళ్లంతా ఖాళీగా ఉండటానికి చెప్పే కారణం ఇదే. మన దగ్గరేమో చిరంజీవి 1998లో బ్లడ్ బ్యాంక్ పెట్టినప్పటి నుంచి హీరో పుట్టినరోజంటే రక్తదాన శిబిరం. అభిమానంతో టాటూ వేయించుకున్న మనిషి ఆ హీరో పుట్టినరోజుకి రక్తం ఇవ్వడానికి పనికిరాడు, కనీసం ఒక ఏడాది.

వైజాగ్‌లో వీటన్నిటికంటే పెద్ద టెన్షన్ ఉద్యోగం. ఉత్తరాంధ్ర కుర్రాళ్లకి నేవీ, ఆర్మీ, సీఆర్పీఎఫ్ అంటే కల కాదు, ఇంటింటా ఉన్న దారి. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరుగులు తీసేవాళ్లలో సగం మంది దాని కోసమే అనిపిస్తుంది. నేవీ, ఆర్మీ అగ్నివీర్ నోటిఫికేషన్ల ప్రకారం శాశ్వత టాటూ ఉండదగ్గ చోట్లు రెండే, మోచేతి లోపలి నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలివైపు, అరచేతికి వెనకవైపు. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పోస్టులకైతే ఇంకా బిగింపు, మతచిహ్నం లేదా పేరు లాంటివే ఉండాలి, ముంజేతి మీదైతే లోపలివైపే, అదీ ఎడమ చేతికే, ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడి చెయ్యి, సైజు ఆ అవయవంలో పావు వంతు దాటకూడదు. ఇప్పుడు పైన చెప్పుకున్న టాటూలన్నిటినీ ఈ నిబంధన పక్కన పెట్టి చూడండి. కోహ్లీని చూసి శివుణ్ణి భుజం మీద వేయించుకుంటే, ఫెయిల్. దీపిక మెడ, ఫెయిల్. సమంత వీపు, పక్కటెముకలు, రెండూ ఫెయిల్. గుండె మీద హీరో పేరు సంగతి చెప్పక్కర్లేదు. నయనతార మణికట్టు దగ్గరిది మాత్రం లోపలివైపైతే బయటపడొచ్చు.

అందుకే నోటిఫికేషన్ పడిందంటే చాలు, లేజర్ క్లినిక్‌లకి ఫోన్లు మొదలవుతాయి, మెడికల్‌కి నెలన్నర టైముంది, మొత్తం పోతుందా అని. పోదు. వారాల గ్యాప్‌తో చేయాల్సిన సిటింగ్‌లు నెలన్నరలో ఇమడవు. కంగారులో యాసిడ్ రాసుకుని, కాల్చుకుని చెరుపుకోవాలని చూసేవాళ్లూ ఉన్నారు, దాని మచ్చ మెడికల్‌లో ఇంకో ప్రశ్నవుతుంది. కవరప్ చేయించుకోవడం దీనికి మందు కాదు, పాతదాన్ని కప్పాలంటే కొత్తది దానికంటే పెద్దగా, నల్లగా ఉండాలి, డాక్టరు చూసేది డిజైన్‌ని కాదు, చోటునీ సైజునీ.

ఈ నిబంధనల్లో ఒక మినహాయింపు ఉంది. తెగ ఆచారం ప్రకారం పచ్చబొట్టు పొడిపించుకున్న గిరిజన అభ్యర్థులకి, ఆ ఆచారాన్ని పరిశీలించి, మిగతా చోట్ల ఉన్నా అనుమతిస్తారు. అరకు నుంచి వచ్చిన కుర్రాడికి వాళ్ల అవ్వ పొడిపించిన చుక్కలుంటే బోర్డు దాన్ని పరిశీలిస్తుంది, మద్దిలపాలెం కుర్రాడు భుజం మీద వేయించుకున్న హీరోగారి టాటూకి మాత్రం ఆ కాలమ్ లేదు.